వీపీఎన్ రూట్ల పంపిణీకి అడ్డుకట్ట ఎక్కడ వేయాలి: డెల్టా నెట్‌వర్క్ ఆధారంగా ఒక పోలిక

సర్వీస్ ప్రొవైడర్ వీపీఎన్ నెట్‌వర్క్‌లో, అంటే ఒకే నెట్‌వర్క్ మీద ఒక్కో సంస్థకు విడి ప్రైవేటు నెట్‌వర్క్ ఇచ్చే ఏర్పాటులో, ప్రతి పీఈ రూటర్‌కూ (కస్టమర్ లైన్లు వచ్చి కలిసే ప్రొవైడర్ అంచు రూటర్) ప్రతి కస్టమర్ రూటూ (ఏ చిరునామాకు ఏ దారిలో వెళ్లాలో చెప్పే సమాచారం) అవసరం ఉండదు. అమలాపురంలోని రూటర్‌కు అక్కడ కనెక్షన్ ఉన్న కస్టమర్ల రూట్లు చాలు; ఏలూరు చుట్టుపక్కల మాత్రమే కార్యాలయాలున్న సంస్థ రూట్లతో దానికి పని లేదు. అయినా ప్రత్యేకంగా ఏర్పాటు చేయనంత వరకు రూట్ రిఫ్లెక్టర్, అంటే రూట్లను అందుకుని మిగతా రూటర్లకు చేరవేసే కేంద్ర రూటర్, తన దగ్గరున్న పట్టికను అందరికీ ఒకేలా పంపుతుంది, అక్కరలేనివాటిని ఏరి పారేసే పని అందుకున్న రూటర్ మీద పడుతుంది. ఈ పంపిణీని అదుపు చేయడానికి అనేక మార్గాలున్నాయి. డెల్టా పట్టణాలకు సేవలందించే మధ్యతరహా నెట్‌వర్క్‌కు వాటిలో ఏది సరిపోతుందో పోల్చి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను: చాలామందికి ఆర్‌టీ కన్‌స్ట్రెయింట్ (ప్రతి రూటరూ తనకు కావలసిన రూట్లనే అడిగి తెప్పించుకునే పద్ధతి) సరైన ఎంపిక, అయితే రూట్ టార్గెట్ల (ఏ రూటు ఎవరికి చేరాలో చెప్పే గుర్తుల) ప్రణాళిక చక్కబడిన తర్వాతే దాని జోలికి వెళ్లాలి.

పోలికకు ఆధారంగా ఒక నెట్‌వర్క్‌ను ఊహించుకుందాం. రాజమహేంద్రవరంలో ఒకటి, భీమవరంలో ఒకటి, మొత్తం రెండు రూట్ రిఫ్లెక్టర్లు ఉన్నాయి. కాకినాడ, రామచంద్రపురం, రావులపాలెం, అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వంటి ఊళ్లలో పీఈ రూటర్లు ఉన్నాయి. కస్టమర్లలో మండలానికొక శాఖ ఉన్న సహకార బ్యాంకు, భీమవరం, ఆకివీడు ప్రాంతపు రొయ్యల మేత కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, కాకినాడ రేవుతో పనిపడే రవాణా సంస్థలు, రెండు మూడు ఊళ్లలో ఆసుపత్రులు నడిపే యాజమాన్యాలు ఉన్నాయి. మొత్తం వీపీఎన్ రూట్లు 1,20,000 అనీ, అందులో అమలాపురం రూటర్‌కు కావలసినవి 6,000 అనీ లెక్క కోసం వేసుకుందాం. రిఫ్లెక్టర్లు రెండు కాబట్టి ఆ రూటర్‌కు 2,40,000 రూట్లు వచ్చిపడతాయి, అందులో నిలుపుకునేవి 12,000. అంటే వంద రూట్లు చదివి, తొంభై అయిదింటిని పారేస్తోంది.

రెండు గుర్తులు, రెండు పనులు

ఆర్‌ఎఫ్‌సీ 4364 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) నిర్దేశించిన వీపీఎన్ పద్ధతిలో రూట్ డిస్టింగ్విషర్, రూట్ టార్గెట్ అని రెండు గుర్తులున్నాయి. రెండూ ఎనిమిదేసి బైట్లే, రాసే తీరూ ఒకేలా ఉంటుంది, అందుకే చాలామంది రెండింటికీ ఒకే విలువ ఇచ్చి వదిలేస్తారు. పనులు మాత్రం వేరు. డిస్టింగ్విషర్ నాలుగు బైట్ల ఐపీ చిరునామా ముందు చేరి దాన్ని పన్నెండు బైట్ల వీపీఎన్ చిరునామాగా మారుస్తుంది. బ్యాంకువారూ, మేత కంపెనీవారూ ఇద్దరూ 10.1.1.0 వాడుకున్నా రెండూ కలిసిపోకుండా చూడడం వరకే దాని బాధ్యత. ఏ రూటు ఏ వీఆర్‌ఎఫ్‌లోకి (రూటర్‌లో ఒక్కో కస్టమర్‌కు ఉండే విడి రూట్ల పట్టికలోకి) వెళ్లాలో నిర్ణయించేది రూట్ టార్గెట్. ఎగుమతి చేసే వీఆర్‌ఎఫ్ రూటుకు టార్గెట్‌ను తగిలిస్తుంది, దిగుమతి చేసుకునే వీఆర్‌ఎఫ్ తన జాబితాలో ఆ టార్గెట్ ఉంటేనే రూటును స్వీకరిస్తుంది. పంపిణీ నియంత్రణ గురించి ఇక్కడ చెప్పబోయేదంతా ఈ టార్గెట్ చుట్టూ తిరిగేదే.

డిస్టింగ్విషర్‌కు పంపిణీలో పాత్రే లేదని కూడా అనుకోకూడదు. ఒక ప్రాసెసింగ్ ప్లాంటును భీమవరం, పాలకొల్లు రూటర్లు రెండింటికీ కలిపి, రెండు చోట్లా ఒకే డిస్టింగ్విషర్ ఇస్తే, రిఫ్లెక్టర్ దృష్టిలో అవి ఒకే రూటుకు రెండు దారులు. అది ఉత్తమమైనదాన్ని మాత్రమే ముందుకు పంపుతుంది, రెండో దారి మిగతా రూటర్లకు కనిపించదు. పీఈకి ఒక్కో డిస్టింగ్విషర్ ఇస్తే రెండూ అందరికీ చేరతాయి, దారి మారడం వేగవంతమవుతుంది, కానీ ఆ మేరకు రూట్ల సంఖ్య పెరుగుతుంది. ఆ పెరుగుదలను భరించాలంటే అనవసర పంపిణీని తగ్గించుకోవలసి వస్తుంది.

మొదటి ఎంపిక: వచ్చాక వడపోయడం

పీఈ రూటర్లు సహజంగా చేసే పని ఇదే. తన వీఆర్‌ఎఫ్‌లలో ఏదీ దిగుమతి చేసుకోని టార్గెట్‌తో రూటు వస్తే రూటర్ దాన్ని నిల్వ చేసుకోకుండా వదిలేస్తుంది. ఇందుకు మనం చేయవలసింది ఏమీ లేదు. మెమరీ వృథా కాదు, అర్థం చేసుకోవడం తేలిక, పొరపాటుకు తావు తక్కువ. పది పన్నెండు పీఈలు, పాతిక ముప్పయి వేల లోపు రూట్లు ఉన్న నెట్‌వర్క్ నడిపేవారు ఇక్కడితో ఆగిపోవడమే మంచిదని నా సలహా. అక్కరలేని చోట కొత్త యంత్రాంగం తెచ్చిపెట్టుకుంటే దాన్ని అర్ధరాత్రి అర్థం చేసుకోవలసిన భారం విధుల్లో ఉన్న ఇంజనీరు మీద పడుతుంది.

దీని ఖర్చు మామూలు రోజుల్లో కనిపించదు. ఏదైనా కదలిక వచ్చినప్పుడు కనిపిస్తుంది. రాజోలు రూటర్‌లో ఒక కొత్త కస్టమర్‌కు వీఆర్‌ఎఫ్ సృష్టించారనుకుందాం. ఆ టార్గెట్ ఉన్న రూట్లను రూటర్ ఇంతకు ముందే పారేసింది, ఇప్పుడు అవి దాని దగ్గర లేవు. అందుకని ఆర్‌ఎఫ్‌సీ 2918 ప్రకారం రూట్ రిఫ్రెష్ అడుగుతుంది. ఆ అభ్యర్థనలో ‘ఫలానా టార్గెట్ రూట్లు మాత్రమే పంపండి’ అని చెప్పడానికి చోటు లేదు. ఫలానా అడ్రస్ ఫ్యామిలీ (ఒక రకం రూట్లన్నీ) మొత్తం మళ్లీ పంపమని మాత్రమే చెప్పగలదు. ఫలితంగా కొత్త శాఖకు కావలసిన నలభై రూట్ల కోసం ఒక్కో రిఫ్లెక్టరూ 1,20,000 రూట్లను మళ్లీ వల్లించాలి, చిన్న ప్రాసెసర్ ఉన్న రాజోలు రూటర్ అవన్నీ చదివి పారేయాలి. ఒక్క కనెక్షన్ అయితే ఎవరూ గమనించరు. సహకార బ్యాంకు వారం రోజుల్లో ముప్పయి శాఖలకు ఏటీఎంల కోసం వేరే వీఆర్‌ఎఫ్ అడిగినప్పుడు పగటిపూట ప్రాసెసర్ వాడకం గ్రాఫులో ప్రతి కమాండుకూ ఒక ముల్లు లేస్తుంది.

డెల్టాలో దీనికి మరో కోణం ఉంది. ఇక్కడి ఫైబర్ ఎక్కువగా వంతెనల మీదుగా గోదావరి పాయలను దాటాలి: జొన్నాడ–రావులపాలెం మధ్య గౌతమి, సిద్ధాంతం దగ్గరా చించినాడ దగ్గరా వశిష్ఠ, యానాం–ఎదుర్లంక మధ్య మళ్లీ గౌతమి. రింగు వేసినా, వరదల్లోనో తుపానులోనో రెండు చోట్ల ఒకేసారి తెగితే కోనసీమ రూటర్లు రిఫ్లెక్టర్లకు దూరమవుతాయి. లైన్ కలిసిన క్షణంలో అవన్నీ ఒక్కసారిగా పూర్తి పట్టిక అందుకుంటాయి. ఆసుపత్రికీ బ్యాంకుకీ సేవ తిరిగి రావడం అత్యవసరమైన ఆ నిమిషాల్లో రూటర్ తనకు అక్కరలేని రూట్లను చదువుతూ కూర్చోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

రెండో ఎంపిక: రిఫ్లెక్టర్ దగ్గర చేత్తో రాసే పాలసీలు

రిఫ్లెక్టర్‌లో ఒక్కో పీఈకి ఒక్కో జాబితా రాసి, ఆ టార్గెట్లు మాత్రమే పంపమని చెప్పవచ్చు. పని చేస్తుంది, ఏ పరికరంలోనైనా సాధ్యం. అయితే ఇకపై తణుకులో ఒక వీఆర్‌ఎఫ్ చేర్చినప్పుడల్లా రెండు రిఫ్లెక్టర్లలోనూ జాబితా మార్చాలి. ఒకదానిలో మార్చి మరొకదానిలో మరచిపోతే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మొదటి రిఫ్లెక్టర్ ఆగిన రోజున మాత్రం ఆ కస్టమర్ ఒక్కడే చీకట్లో పడతాడు. ఇటువంటి లోపాలు కట్టిన రోజున కాక నెలల తర్వాత బయటపడతాయి కాబట్టి వాటి మూలం పట్టుకోవడం చాలా కష్టం. జాబితాలను ప్రొవిజనింగ్ సాఫ్ట్‌వేర్ తానే రెండు చోట్లా రాసే ఏర్పాటు ఉంటే తప్ప నేను దీన్ని పీఈల కోసం సిఫారసు చేయను. మరో ప్రొవైడర్‌తో కలిసే సరిహద్దు రూటర్ సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

మూడో ఎంపిక: ఓఆర్ఎఫ్

2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5291లోని ఓఆర్ఎఫ్ (అవుట్‌బౌండ్ రూట్ ఫిల్టరింగ్) ప్రకారం, అందుకునే రూటర్ తన వడపోత నియమాలను పంపే రూటర్‌కు బీజీపీ (రూటర్లు రూట్లు ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్) ద్వారానే తెలియజేయవచ్చు. ఆలోచన చక్కనిది, వీపీఎన్ నెట్‌వర్క్ లోపలికి వచ్చేసరికి మాత్రం రెండు ఇబ్బందులున్నాయి. విస్తృతంగా దొరికేది ఆర్‌ఎఫ్‌సీ 5292లోని ప్రిఫిక్స్ (చిరునామాల సమూహం) ఆధారిత వడపోత, కస్టమర్లందరూ 10.0.0.0 పరిధినే వాడుకునే చోట ప్రిఫిక్స్‌ను బట్టి ఏ వీపీఎన్‌దో చెప్పలేం. రెండోది, ఈ నియమాలు పక్కపక్కనున్న ఇద్దరి మధ్యే ఆగిపోతాయి. రిఫ్లెక్టర్ వాటిని అవతలి రిఫ్లెక్టర్‌కు చేరవేయదు. దీనికి తగిన చోటు పీఈకీ కస్టమర్ రూటర్‌కీ మధ్య. వంద శాఖల రూట్లలో ప్రధాన కార్యాలయం రూట్లు మాత్రమే కావాలనుకునే చిన్న శాఖ రూటర్ ఆ మాట తన పీఈతో చెప్పుకోవడానికి అది చాలు.

నాలుగో ఎంపిక: ఆర్‌టీ కన్‌స్ట్రెయింట్

2006 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4684 ఈ సమస్యకు సూటిగా సమాధానం ఇచ్చింది. పీఈ రూటర్ తన వీఆర్‌ఎఫ్‌ల దిగుమతి జాబితాలను తానే చూసుకుని, ‘నాకు ఈ టార్గెట్లు కావాలి’ అనే సమాచారాన్ని కూడా ఒక బీజీపీ రూటుగానే ప్రకటిస్తుంది. అందుకు ప్రత్యేకమైన అడ్రస్ ఫ్యామిలీ ఉంది, దాన్ని గుర్తించే ఎస్‌ఏఎఫ్‌ఐ సంఖ్య 132. రిఫ్లెక్టర్ ఆ కోరికను చూసి అవే రూట్లను పంపుతుంది. పైగా ఆ కోరిక అక్కడితో ఆగకుండా రిఫ్లెక్టర్ నుంచి రిఫ్లెక్టర్‌కు, అటు నుంచి మిగతా పీఈలకు ప్రయాణిస్తుంది. ఎవరికీ అక్కరలేని రూటు అసలు బయలుదేరదు. ఓఆర్ఎఫ్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా అదే.

డెల్టా రైతుకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. విజ్జేశ్వరం, బొబ్బర్లంక, ధవళేశ్వరం హెడ్ రెగ్యులేటర్ల దగ్గర ఆయకట్టు అవసరాన్ని బట్టి నీరు వదలడం వేరు, నిండుగా వదిలి చివరి బోదె దగ్గర రైతును మడవ కట్టుకొమ్మనడం వేరు.

రాజోలు ఉదాహరణకు తిరిగి వస్తే, ఆర్‌టీ కన్‌స్ట్రెయింట్ ఉన్నప్పుడు కొత్త వీఆర్‌ఎఫ్ సృష్టించగానే రూటర్ ఆ ఒక్క టార్గెట్‌కు ఒక సభ్యత్వ రూటు (పైన చెప్పిన కోరికే) ప్రకటిస్తుంది, రిఫ్లెక్టర్ దానికి సరిపోయే నలభై రూట్లు పంపుతుంది, మిగతా 1,19,960 కదలవు. వీఆర్‌ఎఫ్ తీసేస్తే సభ్యత్వం ఉపసంహరించుకుంటుంది, రిఫ్లెక్టర్ ఆ రూట్లు ఆపేస్తుంది. మనిషి జాబితా రాయడు, రాయడు గనుక మరచిపోడు. రూట్ల లెక్క కంటే నాకు ఈ గుణమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

రిఫ్లెక్టర్లు ఉన్న చోట ఇది పని చేయాలంటే మామూలు బీజీపీ నియమాలను కొద్దిగా సవరించవలసి వచ్చింది. అమలాపురం, తణుకు రెండూ ఒకే టార్గెట్‌ను అడిగాయనుకుందాం. రిఫ్లెక్టర్ ఉత్తమ దారిగా అమలాపురం కోరికను ఎంచుకుని దాన్నే తిరిగి అందరికీ పంపితే, అమలాపురం అందులో తన గుర్తును చూసి పారేస్తుంది. తణుకుకు కూడా ఆ రూట్లు కావాలనే సంగతి దానికి తెలియక తన రూట్లను పంపకుండా ఊరుకుంటుంది. అందుకే క్లయింట్లకు, అంటే తన కింద ఉన్న పీఈలకు, సభ్యత్వ రూటు పంపేటప్పుడు రిఫ్లెక్టర్ మూలకర్తగా తన గుర్తును పెడుతుంది, నెక్స్ట్ హాప్‌గా (తర్వాతి మజిలీగా) తన చిరునామానే పెడుతుంది. అవతలి రిఫ్లెక్టర్ల వంటి నాన్ క్లయింట్లకు పంపేటప్పుడు మరో నియమం ఉంది: ఉత్తమ దారి నాన్ క్లయింట్ నుంచి వచ్చినదైనా, క్లయింట్ల నుంచి వచ్చిన దారి ఉంటే దాన్ని ప్రకటించాలి. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిపి వాడేవారు ప్రయోగశాలలో ముందుగా ఈ రెండు ప్రవర్తనలనే పరీక్షించాలి.

ఇక జాగ్రత్తలు. ఈ ఫ్యామిలీ అవతలివైపు అసలు లేకపోతే ప్రమాదం లేదు. ఇద్దరి మధ్య ఒప్పందం కుదరదు, పాత పద్ధతిలో మొత్తం పట్టిక వస్తుంది. ప్రమాదం ఉన్నది ఒప్పందం కుదిరి, కోరిక మాత్రం ఏమీ పంపని చోట. వీఆర్‌ఎఫ్ ఒక్కటి కూడా లేని రూటర్లు నెట్‌వర్క్‌లో కొన్ని ఉంటాయి: మరో ప్రొవైడర్‌తో ఆప్షన్ బి పద్ధతిలో (వీఆర్‌ఎఫ్‌లు లేకుండా వీపీఎన్ రూట్లను నేరుగా ఇచ్చిపుచ్చుకుంటూ) కలిసే సరిహద్దు రూటర్, రూట్లను గమనించడానికి పెట్టిన కలెక్టర్. వాటికి దిగుమతి జాబితా లేదు కాబట్టి కోరిక లేదు, కోరిక లేదు కాబట్టి రిఫ్లెక్టర్ వాటికి ఒక్క రూటూ పంపదు. హైదరాబాద్ వైపు ప్రొవైడర్‌తో కలిపే సరిహద్దు రూటర్‌లో ఆలోచించకుండా దీన్ని పెడితే, రాష్ట్రం దాటి వెళ్లే కస్టమర్లందరి రూట్లూ ఒక్క వేటుతో మాయమవుతాయి. అటువంటి చోట సున్నా పొడవు గల డిఫాల్ట్ సభ్యత్వాన్ని ప్రకటించాలి. ‘నాకు అన్నీ కావాలి’ అని చెప్పే పద్ధతి అది. రిఫ్లెక్టర్లు పీఈల నుంచి అన్ని రూట్లూ రాబట్టుకోవడానికి కూడా దాన్నే వాడతారు.

సమయం విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఇద్దరు రూటర్ల మధ్య బీజీపీ సంబంధం, అంటే సెషన్, కొత్తగా లేచినప్పుడు కోరికలు పూర్తిగా అందకముందే రూట్లు పంపడం మొదలుపెడితే సగమే పంపే ప్రమాదం ఉంది. అందుకని సభ్యత్వ సమాచారం ముగిసిందని తెలిపే ఎండ్ ఆఫ్ రిబ్ సూచన వచ్చే దాకా వీపీఎన్ రూట్లను ఆపి ఉంచుతారు. సూచన రాకపోతే ఎంతసేపు ఆగాలన్నదానికి ప్రమాణంలో చెప్పిన మామూలు విలువ 60 సెకన్లు. ఆ సూచన పంపని పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పీఈలో సెషన్ లేచి కూడా నిమిషం పాటు రూట్లు రాకపోతే కారణం ఇదే కావచ్చు.

మరొకటి చాలామంది దృష్టికి రానిది. కోరికలో టార్గెట్ మాత్రమే ఉంటుంది, ఏ ఫ్యామిలీ రూట్లు కావాలో ఉండదు. ఐపీ వీపీఎన్‌కూ, ఈవీపీఎన్‌కూ (ఈథర్‌నెట్ వీపీఎన్) ఒకే టార్గెట్ విలువ ఇచ్చి, రెండు ఫ్యామిలీలూ ఒకే సెషన్‌లో నడిపితే, ఒకదాని కోసం అడిగినప్పుడు రెండోదీ వస్తుంది. ఈవీపీఎన్ రూట్లలో ఒక్కో పరికరపు మ్యాక్ చిరునామా ఒక్కో రూటు కాబట్టి ఆ సంఖ్య చిన్నది కాదు. సేవను బట్టి టార్గెట్ల పరిధులు విడిగా కేటాయించుకోవడం దీనికి నివారణ.

ఐదో ఎంపిక: రిఫ్లెక్టర్లనే విభజించడం

పైన చెప్పినవన్నీ పీఈ భారాన్ని తగ్గించేవి. రిఫ్లెక్టర్ మాత్రం అన్నిటినీ మోస్తూనే ఉంటుంది. ఏ ఒక్క రిఫ్లెక్టరూ అన్ని రూట్లనూ మోయనక్కర్లేకుండా టార్గెట్లను బట్టి పంచవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 4364లోనే ఉంది. ఒక్కో రిఫ్లెక్టర్‌కు ముందే జాబితా ఇచ్చి పంచడం ఒక పద్ధతి. తన క్లయింట్లు అడిగినవాటినే మోసేలా చేయడం మరో పద్ధతి. డెల్టా పరిమాణానికి ఇది అనవసరం. దేశమంతటా విస్తరించి, లక్షల రూట్లతో నడిచే ప్రొవైడర్లకు తగినది. అయితే దీనికి దగ్గరి బంధువైన ఒక ఏర్పాటును మాత్రం చిన్నవారికి కూడా సూచిస్తాను: ఐపీ వీపీఎన్‌కు ఒక జత, ఈవీపీఎన్‌కు వేరే జత రిఫ్లెక్టర్లు పెట్టుకోవడం. ఒక సేవలో వచ్చిన అలజడి రెండోదానికి అంటదు. నేడు రిఫ్లెక్టర్‌ను సాధారణ సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌గా నడపవచ్చు కాబట్టి ఖర్చు కూడా పెద్దగా కాదు.

లాభం ఎంతో ముందే కొలుచుకోవాలి

ఆర్‌టీ కన్‌స్ట్రెయింట్ ఎంత ఆదా చేస్తుందనేది మొత్తం రూట్ల సంఖ్యను బట్టి కాక, కస్టమర్లు ఊళ్ల మధ్య ఎలా పరచుకున్నారనేదాన్ని బట్టి ఉంటుంది. మన 1,20,000 రూట్లలో 90,000 మండలానికొక శాఖ ఉన్న ఒక్క సంస్థవే అయితే, ఆ సంస్థ టార్గెట్‌ను ప్రతి పీఈ అడుగుతుంది, కాబట్టి 90,000 రూట్లూ ప్రతి పీఈకీ వెళతాయి. యంత్రాంగం సక్రమంగా పని చేస్తున్నా ఆదా నాలుగో వంతు కూడా ఉండదు. అందుకని ముందు ప్రతి పీఈలో వస్తున్న రూట్లెన్ని, నిలుస్తున్నవెన్ని అని పట్టిక వేయండి. సగానికి పైగా నిలుస్తుంటే ఈ మార్పుతో మీకు ఒరిగేది తక్కువ.

అప్పుడు చేయవలసిన పని టార్గెట్ల ప్రణాళికలో ఉంది. సహకార బ్యాంకు శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా, లేక అన్నీ ప్రధాన కార్యాలయంలోని సర్వర్లతోనే మాట్లాడతాయా అని అడిగి తెలుసుకోండి. రెండోదే నిజమైతే ఒకే టార్గెట్‌తో అందరినీ కలిపే బదులు హబ్ అండ్ స్పోక్ పద్ధతిలో రెండు టార్గెట్లు పెట్టవచ్చు. శాఖలు తమ రూట్లను ఒకదానితో ఎగుమతి చేస్తాయి, ప్రధాన కార్యాలయం దాన్ని దిగుమతి చేసుకుంటుంది. కార్యాలయం రెండోదానితో ఎగుమతి చేస్తుంది, శాఖలు దాన్ని మాత్రమే దిగుమతి చేసుకుంటాయి. నరసాపురం పీఈకి పాలకొల్లు శాఖ రూట్లు ఇక అక్కర్లేదు, కాబట్టి అడగదు, కాబట్టి రావు. వేల రూట్లు కొన్ని పదులకు దిగుతాయి. బ్యాంకు భద్రతా విభాగం కూడా శాఖల మధ్య నేరుగా దారి లేకపోవడాన్ని సాధారణంగా స్వాగతిస్తుంది. ఒకే పీఈ మీద రెండు శాఖలుంటే అవి ఒకే వీఆర్‌ఎఫ్‌లో ఉన్నంత కాలం పరస్పరం కనిపిస్తూనే ఉంటాయని మాత్రం వారికి ముందే చెప్పాలి; టార్గెట్లు వీఆర్‌ఎఫ్‌ల మధ్య దారిని నియంత్రిస్తాయే గాని వీఆర్‌ఎఫ్ లోపల కాదు.

ఇది భద్రత కాదు

ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఆర్‌టీ కన్‌స్ట్రెయింట్ వృథాను అరికట్టేది, కస్టమర్లను ఒకరి నుంచి ఒకరిని కాపాడేది కాదు. పొరపాటున మేత కంపెనీ వీఆర్‌ఎఫ్‌లో ఆసుపత్రి టార్గెట్‌ను దిగుమతిగా రాస్తే, రూటర్ ఆ టార్గెట్‌ను శ్రద్ధగా అడిగి తెప్పించుకుంటుంది. అలాగే ఒక కస్టమర్ తన రూటర్‌లోకి బయటి నుంచి వచ్చిన పూర్తి ఇంటర్నెట్ పట్టికను, అంటే తొమ్మిది లక్షలకు పైగా రూట్లను, మన వీఆర్‌ఎఫ్‌లోకి వదిలితే, ఆ కస్టమర్ ఉన్న ప్రతి పీఈకీ అవన్నీ చేరతాయి, ఎందుకంటే అవి సరైన టార్గెట్‌తోనే వచ్చాయి. దీనికి విరుగుడు కస్టమర్ సెషన్ మీద గరిష్ఠ ప్రిఫిక్స్ పరిమితి, దానికి తోడు వీఆర్‌ఎఫ్ మొత్తానికి మరో పరిమితి. ఇవి లేకుండా మిగతా ఏ ఎంపిక చేసుకున్నా అమలాపురంలోని చిన్న రూటర్ ఒక కస్టమర్ పొరపాటుకు బలి కాక తప్పదు. అందుకని ఈ పోలికలోని ఏ మార్గాన్ని ఎంచుకున్నా ఈ రెండు పరిమితులనూ ముందు పెట్టండి.

ముందు చెబుతానన్న సరిహద్దు రూటర్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. అవతల ఉన్నది మన యాజమాన్యం కాదు, వారి కోరికలను గుడ్డిగా నెరవేర్చకూడదు. ఉమ్మడి కస్టమర్లకు సంబంధించిన టార్గెట్ల జాబితాను ఒప్పందం ప్రకారం చేత్తో రాసి, వచ్చేవాటికీ వెళ్లేవాటికీ వర్తింపజేయాలి. వీలైతే సరిహద్దు దగ్గర టార్గెట్లను ఉమ్మడిగా నిర్ణయించుకున్న విలువలకు మార్చాలి. పీఈల దగ్గర వద్దన్న చేతి జాబితా ఇక్కడ కావాలి, ఎందుకంటే ఇక్కడ మార్పులు తక్కువ, పొరపాటుకు చెల్లించే మూల్యం ఎక్కువ.

అమలు వరుస

మన ఊహా నెట్‌వర్క్ పరిమాణంలో ఉన్నవారు నాలుగో ఎంపిక తీసుకుంటే ఏ వరుసలో వెళ్లాలో చెబుతాను. అడ్రస్ ఫ్యామిలీల ఒప్పందం బీజీపీ సెషన్ ప్రారంభంలోనే జరుగుతుంది కాబట్టి కొత్తది చేర్చినప్పుడు సాధారణంగా సెషన్ పడి లేస్తుంది. అందుకని ఒక రిఫ్లెక్టర్ వైపు పని చేస్తున్నప్పుడు రెండోదాన్ని ముట్టుకోకూడదు. మొదట భీమవరం రిఫ్లెక్టర్‌కూ ఒక్క పీఈకీ మధ్య మాత్రమే పెట్టండి, రాజమహేంద్రవరం నుంచి ఆ పీఈకి పాత పద్ధతిలో అన్నీ వస్తూనే ఉంటాయి కాబట్టి ఏ కస్టమర్‌కూ సేవ ఆగదు. ఆ పీఈలో రెండు సెషన్ల నుంచీ నిలిచిన రూట్ల సంఖ్య సమానంగా ఉందా అని చూడండి. భీమవరం నుంచి తక్కువ నిలిస్తే ఏదో ఒక టార్గెట్ కోరికగా వెళ్లలేదని అర్థం; ఇంపోర్ట్ మ్యాప్‌లతో (దిగుమతికి విడిగా రాసిన నియమాలతో) వేరే విధంగా దిగుమతి చేసుకుంటున్న వీఆర్‌ఎఫ్‌లను ముందు అనుమానించండి. సమానంగా ఉంటే మిగతా పీఈలకు ఒక్కొక్కటిగా విస్తరించి, అన్నీ కుదురుకున్న తర్వాతే రాజమహేంద్రవరం రిఫ్లెక్టర్ వైపు మొదలుపెట్టండి. రెండు రిఫ్లెక్టర్ల మధ్య సెషన్‌ను చివరికి ఉంచండి. వీఆర్‌ఎఫ్‌లు లేని కలెక్టర్, సరిహద్దు రూటర్లకు డిఫాల్ట్ సభ్యత్వం ఇచ్చాకే ఫ్యామిలీ చేర్చండి, లేదా వాటిని పాత పద్ధతిలోనే వదిలేయండి. అవి ఎలాగూ అన్నీ అందుకోవలసినవే.

ఈ పనికి వరదల జూలై, ఆగస్టు నెలలూ, తుపాన్ల అక్టోబరు, నవంబరు నెలలూ మంచివి కావు. రింగులో ఒక వైపు తెగి ఉన్న రాత్రి, మరమ్మతు బృందం చించినాడ వంతెన దగ్గర ఇంకా పని చేస్తుండగా, అవతలి వైపు సెషన్లను పడగొట్టే మార్పు ఏదీ చేయకూడదు. ఎండ్ ఆఫ్ రిబ్ పంపలేని పాత పీఈలు రెండు మూడు మిగిలితే వాటి కోసం మొత్తం ప్రణాళికను ఆపవద్దు, వాటికి పూర్తి పట్టికే వెళ్లనివ్వండి, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు కలుపుకోండి.